చెయ్యి పట్టు తప్పి సర్దుకుంది.. చైనా కషాయం కొనసాగించొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు (గుండె లయ తప్పే జబ్బు) రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారు. ఇప్పుడు షాంఘైలో మా దగ్గరున్నారు. ఆయాసం, నీరసం అంటుంటే ఇక్కడి సంప్రదాయ వైద్యుడికి చూపించాం. నాడి, నాలుక చూసి ‘చీ (ప్రాణశక్తి) లోపం, రక్తం స్తంభించింది’ అన్నారు. డాన్‌షెన్ అనే మూలిక ఉన్న కషాయం ఇచ్చారు. రెండు మందులు ఎక్కువవుతాయని వార్ఫరిన్ రోజు విడిచి రోజు వేస్తున్నాం. పోయిన వారం కుడి చెయ్యి పట్టు తప్పి, మాట తడబడి, పావుగంటలో సర్దుకుంది. ఆ నిర్ధారణ సరైనదేనా? వచ్చే నెల ఇండియా వెళ్లాక కషాయం కొనసాగించొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: నిర్ధారణ సంగతి తర్వాతమ్మా. ముందు ఆ చెయ్యి సంగతి చూడాలి. మీరు రాసినదాన్ని బట్టి అది టీఐఏ (కాసేపుండి సర్దుకునే చిన్నపాటి పక్షవాతం) కావచ్చు. మనిషిని చూడకుండా ఖాయంగా చెప్పలేను. కానీ సర్దుకుంది కదా అని వారం ఊరుకోవడం మాత్రం తప్పే. పక్షవాతం ముప్పు మొదటి 48 గంటల్లో బాగా ఎక్కువ, ఆ తర్వాతా పూర్తిగా పోదు. ఇవాళే న్యూరాలజీ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. మళ్లీ మాట తడబడినా, మూతి వంకరపోయినా అక్కడి అంబులెన్స్ నంబరు 120కి ఫోన్ చేయండి. ఇంట్లో ఆస్పిరిన్ వేయొద్దు.

ఇక ఆ ‘రోజు విడిచి రోజు’ ఎవరు చెప్పారు? ఈ జబ్బులో గుండె పైగదిలో రక్తం గడ్డకట్టి మెదడుకు వెళ్తుంది. దాన్ని ఆపేదే వార్ఫరిన్. మీ నాన్నగారిలాంటి వాళ్లకు ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే రక్తపరీక్ష విలువ) సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉండాలి. డాన్‌షెన్ వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతుంది. ఆ కషాయాల్లో తరచూ వేసే డాంగ్‌గ్వై అనే మూలిక కూడా అంతే. ఒకపక్క డోసు తగ్గించి, మరోపక్క దాని బలం పెంచేదాన్ని తాగిస్తున్నారు. ఒకటికొకటి సరిపోతుందనుకుంటే పొరపాటు. ఐఎన్‌ఆర్ తగ్గితే గడ్డ, మరీ పెరిగితే మెదడులో రక్తస్రావం. రెండింట్లోనూ చెయ్యి పడిపోవచ్చు, తేడా స్కానింగ్‌లోనే తెలుస్తుంది. పరీక్ష అయ్యేదాకా కషాయం ఆపండి. వార్ఫరిన్ డోసు ఐఎన్‌ఆర్ చూసి డాక్టరే చెప్పాలి.

మీరడిగినదానికొస్తే, గుండెజబ్బు, పక్షవాతం ఉన్నవాళ్లకు చైనా వైద్యులు తరచూ చెప్పే నిర్ధారణే అది. 1830లో వాంగ్ చింగ్‌రెన్ అనే చైనా వైద్యుడు పక్షవాతానికి రాసిన కషాయానికీ అదే ఆధారం. ఆ వైద్యాన్ని నేను తీసిపారేయడం లేదు. 2023లో వెలువడిన చైనా అధ్యయనంలో గుండెపోటు వచ్చిన 3,777 మందిని తీసుకున్నారు. ‘టోంగ్‌షిన్‌లో’ అనే చైనా సంప్రదాయ మందు వేసుకున్నవారిలో 30 రోజుల్లో గుండెకు, మెదడుకు పెద్ద ముప్పులు 3.4 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 5.2 శాతం. అయితే రెండు వర్గాలకూ మామూలు చికిత్స యథాతథంగా సాగింది, మీలా తగ్గించలేదు. పైగా అది వేరే మందు, వేరే జబ్బు.

నాలుక ఊదారంగుకు తిరిగి, అంచుల్లో నల్లచుక్కలుంటే వాళ్లు రక్తం స్తంభించిందంటారు. ఒంట్లో ఆక్సిజన్ తగ్గినా నాలుక ఊదాగానే కనిపిస్తుంది. ఆయాసం, నీరసం గుండె బలహీనపడటం వల్ల కూడా కావచ్చు. ఎకో (గుండె స్కానింగ్) తీయించాల్సిందే.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు కషాయం చీటీ, పాత ఐఎన్‌ఆర్ రిపోర్టులు తీసుకెళ్లండి. వార్ఫరిన్ సంగతి ఆ సంప్రదాయ వైద్యుడికీ చెప్పండి. చెప్పే ఉంటే, మోతాదు మార్చమన్నది ఆయనేనా అన్నది ఆసుపత్రి డాక్టరుకు దాచకండి. ఇండియా ప్రయాణం మాత్రం న్యూరాలజిస్టు సరేనన్నాకే.