హైదరాబాద్ కామిక్ కాన్‌లో తెలుగు వెబ్‌కామిక్‌తో టేబుల్ పెడితే ఎవరన్నా కొంటారా? నా అనుభవం

అడిగినవాళ్లు ఇన్‌స్టాలో తెలుగులో కామిక్ వేస్తున్నారంట, ఫాలోయర్లు పెద్దగా లేరంట. కామిక్ కాన్ అంటే కామిక్స్, ఆనిమే అభిమానుల కోసం జరిగే పెద్ద సంత. హైదరాబాద్ కామిక్ కాన్‌లో టేబుల్ తీసుకోవచ్చా, తెలుగులో ఉన్నవి అక్కడ ఎవరు చదువుతారు, మొదటిసారికి ఎన్ని కాపీలు వేయించాలి అని అడిగారు. నేను అది జరిగిన హైటెక్స్‌లో టేబుల్ పెట్టాను కాబట్టి నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నా, కొంచెం పొడుగే అవుతుంది.

ముందే చెప్పేస్తా, పెట్టండి. డబ్బుల కోసం అయితే వద్దు. మన కామిక్‌ని ముక్కూమొహం తెలియని మనిషి మన కళ్లముందు చేతిలో పట్టుకుని చదువుతుంటే చూడటానికి పెట్టండి. రెండేళ్లు ఆన్‌లైన్‌లో వేసినా నాకు తెలిసింది లైకులు, హార్ట్ ఎమోజీలు, అప్పుడప్పుడు ఒక కామెంట్. ఎక్కడ నవ్వారో ఎక్కడ ఆగిపోయారో ఎక్కడ విసుగొచ్చి పైకి తోసేశారో ఏదీ తెలీదు. టేబుల్ దగ్గర అన్నీ మొహంలోనే కనపడతాయి.

మాది మధిర దగ్గర ఊరు. నా కామిక్‌లో బస్టాండ్ పక్కన ఒక గోలీసోడా బండి, ఒక సీసాలో గోలీ వెనకాల ఇరుక్కున్న దెయ్యం. ఎవరైనా ఆ సోడా కొట్టించుకుంటే కీచుమని బయటికొచ్చి వాళ్ల వెంట బస్సెక్కి వాళ్ల ఊరిదాకా పోయి వస్తది. ఫోన్‌లో కిందకి జరుపుకుంటూ చదివే పద్ధతిలో 40 ఎపిసోడ్లు వేశా. టేబుల్ ఖాయం అయ్యాక, ఉన్నవాటినే ప్రింట్ కొట్టిస్తే సరిపోతుంది కదా అనుకున్నా. అస్సలు సరిపోలేదు.

ఎందుకంటే నా బొమ్మలు 800 పిక్సెల్స్ వెడల్పువి. ప్రింట్‌కి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) కావాలి, ఆ లెక్కన 800 పిక్సెల్స్ అంటే కాగితం మీద 7 సెంటీమీటర్లు కూడా రాదు. ఏ5 పేజీ నిండా రావాలంటే 1748 బై 2480 పిక్సెల్స్ ఉండాలి. పెద్దది చేస్తే గీతలన్నీ మసకబారాయి. ఇంకోటి, ఫోన్‌లో బొమ్మకీ బొమ్మకీ మధ్య ఖాళీ వదిలితే అదే టైమ్, వేలు జరుపుతూ జరుపుతూ ఉంటే ఇంకా రాదేంటి అనిపించి అప్పుడు దెయ్యం మొహం వస్తుంది. కాగితం మీద అంత ఖాళీ ఎక్కడుంది. అక్కడ మన చేతిలో ఉన్నది పేజీ తిప్పడం ఒక్కటే, కుడి పక్క పేజీలో చివరి బొమ్మ దగ్గర సీసా మీద వేలు పెట్టి ఆపాలి, తిప్పగానే ఎడమ పేజీ పైన దెయ్యం ఉండాలి. అందుకని పాత ఎపిసోడ్లు పక్కన పెట్టేసి, 24 పేజీల్లో అక్కడికక్కడే అయిపోయే ఒక కథ కొత్తగా గీశా (మధ్యలో పిన్ కొట్టే బైండింగ్ కాబట్టి పేజీలు నాలుగు నాలుగుగా ఉండాలి). ఇది మాత్రం నేను చేసిన మంచి పని, మీరూ ఇదే చేయండి. నడుచుకుంటూ పోయే మనిషి ఆగి మీ 40 ఎపిసోడ్లు మొదటి నుంచి చదవడు, చేతిలో పెట్టింది అక్కడే మొదలై అక్కడే అయిపోవాలి.

ప్రింటింగ్ దగ్గర ఒక దెబ్బ తగిలింది. టైటిల్‌కి రామభద్ర, మాటలకి మల్లన్న ఫాంట్ వాడాను, రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీగా దొరికే యూనికోడ్ ఫాంట్లు (ఫోన్లలో, నెట్‌లో వాడే రకం). చిన్న మార్పులు అక్కడే చేయించుకోవచ్చు కదా అని ప్రెస్‌కి ఓపెన్ ఫైలు (అక్షరాలు ఇంకా మార్చుకోగలిగేది) ఇచ్చా. మన దగ్గర చాలా ప్రెస్సుల్లో తెలుగు అంటే ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లే (యూనికోడ్ కాని పాతవి), యూనికోడ్ తెలుగుని పాత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఒత్తులు విడిపోతాయి. 'దెయ్యం' అన్న మాటలో య కింద ఒత్తు పోయి పొల్లు వచ్చి 'దెయ్‌యం' అయ్యింది, అదీ కవర్ మీద, పైగా కథ నిండా ఉన్న మాటే అది. మొదటి 40 కాపీలు చూసి నాకు ఏడుపొచ్చేసింది. టైమ్ లేదు, రాత్రికి రాత్రి అక్షరాలన్నీ ఫాంట్‌తో పని లేకుండా బొమ్మల్లా ఉండే అవుట్‌లైన్స్‌గా మార్చి పీడీఎఫ్ చేసి మళ్లీ ఇచ్చా. మీరు ముందే అలా ఇవ్వండి. అసలు కాగితం మీదే ఒక్క కాపీ తీయించుకుని, మనం గీసింది మనం ఎలాగూ తప్పు లేకుండానే చదివేస్తాం కాబట్టి, ఇంట్లో ఇంకొకళ్ల చేత పైకి చదివించండి. రంగులు కూడా ఆ కాపీలోనే తెలిసిపోతాయి. స్క్రీన్ మీద నిగనిగలాడే నా దెయ్యం ఆకుపచ్చ సీఎంవైకేలోకి (ప్రింట్ ఇంకు రంగుల్లోకి) రాగానే వాడిపోయిన గోంగూరలా అయింది.

ఇక అసలు విషయం. కామిక్ కాన్ ఇండియా 2011లో ఢిల్లీలో మొదలైంది, హైదరాబాద్‌కి 2013లో వచ్చింది, కాబట్టి ఇక్కడి పిల్లలకి ఇది కొత్తేం కాదు. తలుపులు తెరవగానే కాస్‌ప్లే వేషాలు, కత్తులు, విగ్గులు, ఒకటే సందడి. ఆర్టిస్ట్ ఆలీ అని మనలాంటివాళ్లకి ఒక వరసలో టేబుళ్లు ఇస్తారు. పక్క టేబుళ్ల మీద జపాన్ ఆనిమే పాత్రల కీచైన్లు, పోస్టర్లు, అక్కడ జనం మూగుతున్నారు. నా దగ్గర నా సొంత దెయ్యం తప్ప ఇంకేం లేదు. ఫ్యాన్ ఆర్ట్, అంటే వేరేవాళ్ల పాత్రల బొమ్మలు, పెట్టమని అందరూ చెప్పారు, పెట్టేవాళ్లు కష్టపడే గీస్తున్నారు, వాళ్లని నేనేమీ అనను. కానీ వేరేవాళ్ల పాత్ర కోసం ఆగిన మనిషి ఆ పాత్ర కొనుక్కునే వెళ్తాడు, నా కథ దాకా రాడు. మొదటి పూట ఖాళీగానే గడిచింది.

నేను చేసిన పెద్ద తప్పు ఏంటంటే తెలుగు పుస్తకాన్ని వెనక పెట్టి స్టిక్కర్లు, ఇంగ్లీష్ మాటలున్న పోస్ట్‌కార్డులు ముందు పెట్టా, ఈ పిల్లలకి తెలుగు చదవడం రాదు అనుకుని. అది నిజమే, చాలామంది గలగలా మాట్లాడతారు కానీ చదవలేరు. కానీ ఆ పిల్లల్ని తీసుకొచ్చిన అమ్మానాన్నలు చదవగలరు కదా, ఆ మాట నాకు తట్టనే లేదు.

మధ్యాహ్నం ఒక పాప వచ్చింది, ఎనిమిదేళ్లు ఉంటాయేమో, మెడకి ఎర్రటి కేప్ కట్టుకుంది. స్టిక్కర్ మీద దెయ్యాన్ని చూసి ఆగింది. వాళ్లమ్మ చేతినిండా బ్యాగులు, వాటర్ బాటిల్, పొద్దున్నుంచీ తిరిగీ తిరిగీ అలిసిపోయినట్టుంది. వెనక ఉన్న పుస్తకం చూసి "ఇది మన తెలుగేనా? ఏదమ్మా, ఇటియ్యి" అంది. బ్యాగులు కింద పెట్టేసి అక్కడే నిలబడి పాపకి పైకి చదవడం మొదలుపెట్టింది. సోడా కొట్టే చోట నేను రాసిన శబ్దం వదిలేసి ఆవిడకి తెలిసిన శబ్దం నోటితో చేసింది, అది నాదానికన్నా బాగుంది, తర్వాత ప్రింట్‌లో అదే రాసుకున్నా. పాప చివరిదాకా విని నా వైపు తిరిగి "అక్కా, అది మళ్లీ సీసాలోకే పోవాలా?" అని అడిగింది. నాకు వెంటనే మాట రాలేదు. రెండేళ్లలో ఆ కథ గురించి నన్ను ఎవరూ అలా అడగలేదు. "పోవాలమ్మా, కానీ ఇంకొకళ్లు సోడా కొట్టిస్తారుగా" అన్నా. వాళ్లమ్మ "ఇదంతా నువ్వే గీసినవా?" అని ఇంకో కాపీ తీసుకుంది, వాళ్ల అన్న పిల్లలకంట.

ఆ తర్వాత టేబుల్ మొత్తం మార్చేశా. స్టిక్కర్లు అంచున పిల్లల కళ్లకి అందేంత కిందకి, పుస్తకం మధ్యలో నిలబెట్టి, 'తెలుగు కామిక్' అని అట్టముక్క మీద మార్కర్‌తో పెద్దగా రాసి పెట్టా. పిల్లలు బొమ్మ దగ్గర ఆగడం, పెద్దవాళ్లు అక్షరాల దగ్గర ఆగడం. ఒకాయనైతే తన చిన్నప్పుడు చందమామ కోసం నెలంతా ఎదురుచూసేవాడినని చెప్పి కొన్నాడు.

చూస్తూ ఉంటే ఒక తేడా దొరికింది. ఏడో పేజీ దగ్గర పెద్దవాళ్లు ఆగి వెనక్కి వస్తున్నారు. ఒకరికి అయితే సర్లే అనుకునేదాన్ని, ముగ్గురు నలుగురు అదే చోట. ఆ పేజీలో ఎడమ పక్క ఒకదాని కింద ఒకటి రెండు బొమ్మలు, కుడి పక్క పైనుంచి కిందదాకా ఒకటే పొడుగు బొమ్మ. కామిక్స్ అలవాటున్నవాళ్లు ఎడమవి రెండూ చూసి కుడివైపు వెళ్తారు. అలవాటు లేనివాళ్లు పుస్తకంలో లైను చదివినట్టు ఎడమ పై బొమ్మ నుంచి నేరుగా కుడికి పోతున్నారు, జవాబు ముందొచ్చి ప్రశ్న తర్వాత వస్తోంది. ఫోన్‌లో ఒకదాని కింద ఒకటే ఉంటుంది కాబట్టి నాకు ఈ సమస్య ఎప్పుడూ రాలేదు. ఇంకొకాయన కళ్లజోడు పైకి నెట్టి పుస్తకాన్ని దూరం పెట్టి చదవబోయి వదిలేశాడు, నా అక్షరాలు 9 పాయింట్లు. అంటే నా పుస్తకం చదివేది ఎవరో నాకే తెలీకుండా గీసాను. రెండో ప్రింట్‌లో ఆ పేజీని మూడు అడ్డ వరసలుగా మార్చి, అక్షరాలు 11 పాయింట్లు చేశా, దానికి తగ్గట్టు మాటలు తగ్గించుకోవాల్సి వచ్చింది, కథ ఇంకా బిగిసింది.

లెక్కలు కూడా చెప్తా. సరిగ్గా వచ్చిన 100 కాపీలు తీసుకెళ్లా, ఒక్కోటి నాకు 82 రూపాయలు పడింది, 150కి పెట్టా. మొదటిరోజు 17, రెండోరోజు 44 పోయాయి. స్టిక్కర్లు 40కి ఒకటి, 100కి మూడు, ఇవే ఎక్కువ కదిలాయి. టేబుల్ ఫీజు, పాడైన కాపీలు, క్యాబులు, తిండి అన్నీ కలిపితే చేతి డబ్బులే కొంత పోయాయి. యూపీఐ క్యూఆర్, ఇన్‌స్టా క్యూఆర్ పక్కపక్కన పెట్టకండి, జనం ఒకటి అనుకుని ఇంకోటి స్కాన్ చేస్తున్నారు. ఇన్‌స్టాది పుస్తకం వెనక అట్ట మీద వేసేయండి. తోడు ఒకళ్లు తప్పనిసరి, మా తమ్ముడు లేకపోతే నాకు అన్నం తినడానికి కూడా కుదిరేది కాదు.

ఫాలోయర్లు తక్కువ అని మాత్రం ఆగకండి, అక్కడ మీ దగ్గర ఆగేవాళ్లలో నూటికి తొంభై మంది మీ పేరు విననివాళ్లే. సొంత కామిక్స్ అచ్చేసి అమ్ముకునేవాళ్లకి టోక్యో కామికెట్‌ని మించిన సంత లేదు, అది కూడా 1975 డిసెంబర్‌లో 32 గ్రూపులతో, ఓ 700 మంది జనంతో మొదలైందే.

కాపీల సంగతి అడిగారు కదా, మొదటిసారికి 50 వేయించండి. ఏడో పేజీ లాంటిది మీ పుస్తకంలో కూడా ఎక్కడో ఒకచోట ఉంటుంది, అది దొరికాక మిగతావి వేయించుకోవచ్చు.