అమ్మ మల్లెపూలు తెస్తానంటోంది, కార్డులో రాయాలా?

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో మా కొత్త ఇంటి గృహప్రవేశం. విజయవాడ నుంచి అమ్మ విజిటర్ వీసా మీద వస్తూ మల్లె దండలు, మామిడాకులు, తమలపాకులు తెస్తానంటోంది. ఎయిర్‌పోర్ట్‌లో చెబితే లాక్కుంటారు, చీరల మధ్య పెట్టేయమని బంధువుల సలహా. దొరికితే ఏమవుతుంది? ఇలా పూలు తెప్పించి అమ్ముకోవచ్చా?

జవాబు: చీరల సలహా ఇచ్చినవాళ్ళు ఫైన్ కట్టరండీ, అమ్మగారే కట్టాలి. బయటి పురుగులు, తెగుళ్ళు దేశంలోకి రాకుండా ఆపే ఆస్ట్రేలియా బయోసెక్యూరిటీ చట్టం, 2015 ప్రకారం మొక్కలు, పూలు, ఆకులు తెచ్చానా అన్న ప్రశ్నకి దిగేముందు నింపే ప్యాసింజర్ కార్డులో అబద్ధం రాస్తే అక్కడికక్కడే వేల డాలర్ల జరిమానా పడొచ్చు. 2019 నుంచి విజిటర్ వీసానే రద్దు చేసి వెనక్కి పంపే అధికారం కూడా ఉంది, అసలు టెన్షన్ అదే. పక్క సీటాయన కార్డు నింపిపెట్టినా సంతకం అమ్మగారిదే, కాబట్టి బాధ్యతా ఆవిడదే. 'అవును' అని టిక్ పెట్టి బ్యాగు చూపిస్తే మాత్రం వస్తువు పోతుందేమో గానీ ఫైన్ ఉండదు. ఎక్స్‌రే, కుక్కలు రెండూ ఉంటాయి, చీరల మడతలు వాటికి లెక్క కాదు.

నాలుగు మల్లెపూలకి ఇంత గొడవా అనిపిస్తుంది. ఒక దండని తెల్ల కాగితం మీద గట్టిగా దులిపి చూడండి. సన్నటి గీతల్లాంటి పురుగులు కదిలితే అవి తామర పురుగులు, రెండు మిల్లీమీటర్లు కూడా ఉండవు, మొగ్గలోపలే దాక్కుంటాయి. మన మిరప రైతుని అడగండి, అవి ఏం చేయగలవో చెబుతాడు.

వ్యాపారమంటే వేరే లెక్క. ఏ పువ్వు, ఏ దేశం అన్నదాన్ని బట్టి షరతులు మారతాయి, వాళ్ళ వ్యవసాయ శాఖ వెబ్‌సైట్‌లో బైకాన్ అనే డేటాబేస్‌లో చూసుకోవాలి, కొన్నిటికి ముందే ఇంపోర్ట్ పర్మిట్ తీసుకోవాలి. మన దేశంలోని ప్లాంట్ క్వారంటైన్ వాళ్ళు ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే పురుగూ తెగులూ లేవన్న ధ్రువపత్రం, సరుకుతోపాటు రావాలి. అయినా దిగాక తనిఖీలో బతికున్న పురుగు కనబడితే పురుగుల్ని చంపే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టిస్తారు, లేదా తిప్పి పంపడమో నాశనం చేయడమో, ఖర్చు మీదే. పొగ తగిలాక మల్లె ఏ మొహంతో అమ్ముడవుతుందో మీరే ఊహించుకోండి. గులాబీ, చామంతి లాంటివి కాడ నాటితే వేళ్ళు పోసుకుంటాయని, కాడల్ని ముందే గ్లైఫోసేట్ అనే కలుపు మందులో ముంచి మళ్ళీ మొలకెత్తకుండా చేసి పంపమంటారు. పెట్టుబడి పెట్టేముందు అక్కడి కస్టమ్స్ బ్రోకర్‌తో ఒకసారి కూర్చోండి.

అమ్మగారితో మాత్రం గుడ్డ తోరణం తెప్పించుకోండి. పచ్చడి సీసాలుంటే అవి కూడా కార్డులో రాయమనండి.