జీతం లేని పనికి 40 వేల కోచింగా?

ప్రశ్న: మాది కాశీబుగ్గ, జీడిపప్పు వ్యాపారం. మా అబ్బాయి రాజాంలో బీటెక్ సీఎస్‌ఈ రెండో ఏడాది. రాత్రి రెండింటి దాకా ఎవరిదో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతుకుతుంటాడు. ఓపెన్ సోర్స్ అంటాడు, పైసా రాదు. 40 వేలు కడితే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ గ్యారంటీ అని ఒక కోచింగ్ వాళ్లు అంటున్నారు. చేర్పించాలా, ఇవన్నీ మాన్పించి ఇంటర్న్‌షిప్ చూసుకోమనాలా? పక్కింటి కుర్రాడికి అప్పుడే ఆఫర్ వచ్చేసింది.

జవాబు: మీ అసలు దిగులు చివరి వాక్యంలో ఉందండీ. ఆ పక్కింటి కుర్రాడు ఫైనలియరో, రెండో ఏడాదో మాత్రం రాయలేదు. మీవాడికి ఇంకా రెండేళ్లకు పైగా టైముంది. రోజూ భోజనాల దగ్గర ఆ పోలిక తెస్తుంటే ముందు అది ఆపండి.

40 వేలు కట్టకండి. ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్. అలాంటి ప్రాజెక్టుల్లో కొత్తవాళ్లతో పని చేయించే గూగుల్ కార్యక్రమమే ఈ సమ్మర్ ఆఫ్ కోడ్. 2005 నుంచి నడుస్తున్న దానికి దరఖాస్తు ఫీజే లేదు. 18 నిండి, ఓపెన్ సోర్స్‌కి కొత్తవాళ్లయితే చాలు. ఎవరు కావాలో తేల్చేది ఆయా ప్రాజెక్టుల మెంటర్లు, అంటే దారి చూపే అనుభవజ్ఞులు. వాళ్లు తమ కోడ్‌లో కుర్రాడు అప్పటికే ఏం సరిచేశాడో చూస్తారు. దానికి బయటివాడు గ్యారంటీ ఎలా ఇస్తాడు?

ఈ ఫ్యాషన్ మీద నాకూ అనుమానాలున్నాయి. కోడ్ దాచి పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో, పని చేసిన రోజుకల్లా పడే పచ్చ గళ్లు నింపడమే పనిగా పెట్టుకున్నవాళ్లు ఎక్కువయ్యారు. ఏటా అక్టోబరులో జరిగే ఓపెన్ సోర్స్ పండగ హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో టీషర్టు కోసం పనికిరాని పుల్ రిక్వెస్టులు (‘నా మార్పు మీ కోడ్‌లో కలపండి’ అనే అభ్యర్థనలు) కుప్పలుగా పడితే నిర్వాహకులు మొదటి వారంలోనే నిబంధనలు మార్చారు. 2024లో ఒక వీడియో పాఠం చూసి, వెబ్‌సైట్ల తయారీకి వాడే ఎక్స్‌ప్రెస్ ప్రాజెక్టు రీడ్‌మీ (పరిచయ) ఫైల్లో తమ పేర్లు చేరుస్తూ మన విద్యార్థులు పుల్ రిక్వెస్టులు వెల్లువలా పంపారు. జీడిపప్పు కొనేవాడు డబ్బా మీద ముద్ర చూసి ధర కడతాడా? గుప్పెడు తీసి గుండ్లెన్ని, బద్దలెన్ని అని చూస్తాడు. తెలిసిన ఇంటర్వ్యూయరూ అంతే, ఒక పుల్ రిక్వెస్ట్ తెరిచి ‘ఈ లైను ఎందుకు మార్చావు?’ అంటాడు.

అందుకని మీవాణ్ని ఒక్క ప్రాజెక్టు పట్టుకోమనండి, తను రోజూ వాడేదే, చిన్నది. క్రోమ్ బ్రౌజర్‌కి ఆధారమైన క్రోమియం లాంటివి వద్దు, బిల్డ్ చేయాలంటేనే (కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా మార్చాలంటేనే) దాదాపు 100 జీబీ డిస్కు కావాలి. మొదటి వారం సోర్స్ నుంచి బిల్డ్ చేసి టెస్టులు నడిపితే చాలు. తర్వాత ఒక బగ్‌ని తన మెషీన్‌లో మళ్లీ పుట్టించి, ఏ వెర్షన్‌లో, ఏం నొక్కితే వస్తోందో ఆ బగ్ గురించి ప్రాజెక్టు పేజీలో నమోదైన ఇష్యూ (ఫిర్యాదు) కిందే రాయాలి. అప్పటిదాకా కోడ్ ముట్టుకోకూడదు.

పుల్ రిక్వెస్టులు తిరిగొచ్చేది ఎక్కువగా చిన్న కారణాలకే. మార్చింది ఒక్క లైనే, కానీ ఎడిటర్ సేవ్ చేసేటప్పుడు ఫైలంతా ఫార్మాట్ చేసేస్తుంది. చూసేవాళ్లకు 600 లైన్లు మారినట్టు ఎర్రగా, పచ్చగా కనిపిస్తాయి. పంపేముందు ఏ లైన్లు మారాయో చూపే గిట్ డిఫ్ చూసుకుంటే ఇది దొరికిపోతుంది. ఒకే పుల్ రిక్వెస్టులో రెండు మార్పులు కలపడం ఇంకో తప్పు. ఏఐ రాసిచ్చిన కోడ్ అర్థం కాకుండా పంపితే రివ్యూలో మొదటి ప్రశ్నకే నోరు పెగలదు. జవాబు రాకపోతే రెండు వారాలాగి మర్యాదగా ఒక్కసారి గుర్తుచేయొచ్చు, రోజూ కాదు.

పైసా రాదన్నారు. లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నల్‌లో చాలా భాగం ఇంటెల్, రెడ్ హ్యాట్ లాంటి కంపెనీల జీతగాళ్లు రాస్తున్నదే. అలాగని మీవాడికి ఉద్యోగం ఖాయమని నేను చెప్పను. కాలేజీ అడిగే ఇంటర్న్‌షిప్ ఎలాగూ తప్పదు, అది సెలవుల్లో చేసుకుంటాడు. వారానికి ఆరేడు గంటలు దీనికి పెడితే చదువేం పాడవదు.

రాత్రి రెండింటి దాకా మేలుకోవడం మాత్రం మాన్పించండి. రివ్యూ చేసేవాళ్లు ఏ దేశంలో ఉన్నా జవాబు రాతలోనే వస్తుంది, పొద్దున్న చూసినా అక్కడే ఉంటుంది. ఆ 40 వేలలో కొంత పెట్టి ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 16 జీబీకి పెంచండి. కొనేముందు స్లాట్ ఉందో, ర్యామ్‌ని బోర్డుకే అతికించేశారో చూడమనండి.