97 దాకా చూసి ఆగిపోయారు!

ప్రశ్న: 4294967297 ప్రధాన సంఖ్యేనా? 2 నుంచి 97 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూశాను, ఒక్కదానితోనూ తెగలేదు. ఇంకా ఎంత దూరం వెళ్లాలి?

జవాబు: ప్రధాన సంఖ్య కాదండీ. కానీ ఇది ప్రధాన సంఖ్యేమోనని పొరబడింది మామూలు వాళ్లు కాదు, సాక్షాత్తూ ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా. 3, 5, 17, 257, 65537 – ఇవన్నీ 2 పవర్ 1, 2, 4, 8, 16లకు ఒకటి కలిపితే వచ్చేవి, అయిదూ ప్రధాన సంఖ్యలే. ఆ వరసలో తర్వాతది 2 పవర్ 32 ప్లస్ 1, అంటే మీ సంఖ్యే. ఇదీ, దీని తర్వాత వచ్చేవీ ప్రధాన సంఖ్యలే అయ్యుంటాయని ఆయన నమ్మాడు. 1732లో ఆయిలర్ అనే స్విస్ గణితవేత్త వచ్చి ఇది 641తో నిశ్శేషంగా పోతుందని చూపించాడు.

ఎంత దూరం వెళ్లాలంటారా? గుడ్డిగా వెళితే వర్గమూలం దాకా, అంటే 65536 దాకా. అందులో 6542 ప్రధాన సంఖ్యలున్నాయి, మీరు చూసినవి 25. అయితే దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలి అని ఆయిలరే నిరూపించాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నంలోనే దొరికిపోతుంది!

అసలు భాగహారమే చెయ్యకుండా కూడా తేల్చవచ్చు, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. 641 అంటే 5×128 ప్లస్ 1. కాబట్టి 5×128ని 641తో భాగిస్తే ఒకటి తక్కువ పడుతుంది, శేషం –1 అనుకోండి. అలాంటివి నాలుగు పక్కపక్కన పెట్టి గుణిస్తే, 128 అంటే 2 పవర్ 7 కాబట్టి, 625 × 2 పవర్ 28 అవుతుంది, శేషం 1. ఇక 641 అంటే 625 ప్లస్ 16 కూడా, అంటే శేషాల లెక్కలో 625 బదులు –16 పెట్టుకోవచ్చు. పెట్టండి: 16 అంటే 2 పవర్ 4 కదా, మొత్తం –(2 పవర్ 32) అవుతుంది, దాని శేషం 1. అంటే 2 పవర్ 32కి శేషం –1, ఒకటి కలిపితే సున్నా. అయిపోయింది. కాగితం మీద నాలుగు లైన్లు కూడా పట్టవు, కాలిక్యులేటర్‌తో పనే లేదు.

రెండో కారణాంకం 6700417. దాన్ని విడగొట్టాలని మళ్లీ కూర్చోకండి, అది ప్రధాన సంఖ్యే. ఓపిక మిగిలితే 3, 5, 17, 257, 65537 అయిదింటినీ గుణించి చూడండి. 4294967295 వస్తుంది, మీ సంఖ్యకి సరిగ్గా రెండు తక్కువ. ఆ వరసలో ఆరో ప్రధాన సంఖ్య మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు.