ఎరువుల కంపెనీల విదేశీ వ్యాపారం: కెమికల్ ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం, మల్కాపురం. మా అమ్మాయి ఇక్కడే కెమికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఎరువుల కంపెనీల్లో గానీ, కెమికల్ కంపెనీల్లో గానీ విదేశీ వ్యాపారం చూసే ఉద్యోగం చేయాలని తన కోరిక. బీటెక్ అవ్వగానే ఎంబీఏలో చేర్పించాలా, ముందు ఉద్యోగం చేయనివ్వాలా? బంధువులేమో సాఫ్ట్‌వేర్ కోర్సు చేయించెయ్యమంటున్నారు. ప్లాంటు ఉద్యోగమంటే మా ఆవిడకి భయం. ఎటూ తేల్చుకోలేకపోతున్నాం. – ఒక తండ్రి

జవాబు: ముందు ఉద్యోగం, తర్వాత ఎంబీఏ. అది కూడా ఏదో ఒక ఉద్యోగం కాదు, ప్లాంటులోనో క్వాలిటీ ల్యాబ్‌లోనో రెండు మూడేళ్ళు గట్టిగా పని నేర్చుకునే ఉద్యోగం. విదేశీ వ్యాపారం అనగానే సూట్‌కేసు పట్టుకుని విమానం ఎక్కే సేల్స్ మేనేజరే చాలామంది కళ్ళ ముందు మెదులుతాడు. రసాయనాల వ్యాపారంలో బేరం మాట్లాడేవాళ్ళ పని చివర్లో వస్తుంది. అంతకు చాలా ముందే ఆ సరుకు ఆ దేశంలో అడుగుపెట్టొచ్చా లేదా అన్నది కెమిస్ట్రీ తెలిసినవాళ్ళు తేల్చాలి. మీ అమ్మాయి చదువుతున్నది సరిగ్గా ఆ చదువే.

కంపెనీలు బయటి దేశాలకు ఎందుకు వెళ్తాయో మీరిద్దరూ కలిసి అర్థం చేసుకుంటే మిగతా నిర్ణయాలు తేలికవుతాయి. మీ ఇంటి దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. శ్రీహరిపురంలో కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీ 1967 నుంచి నడుస్తోంది. 1961లో ఆ కంపెనీ పెట్టినప్పుడు మన ఈఐడీ ప్యారీతో పాటు షెవ్రాన్, ఐఎంసీ అనే అమెరికన్ కంపెనీలూ చేతులు కలిపాయి. అంటే అప్పట్లో విదేశీ కంపెనీలే స్థానిక భాగస్వామిని వెతుక్కుని మన మార్కెట్‌లోకి వచ్చాయి. ఇప్పుడు అదే కోరమాండల్‌కి ట్యునీషియాలో ఫాస్ఫారిక్ యాసిడ్ ప్లాంటులో భాగం ఉంది. 2022లో సెనెగల్‌లో రాక్ ఫాస్ఫేట్ (భాస్వరం ఉండే రాయి) తవ్వే కంపెనీలో వాటా కొంది. దక్షిణాఫ్రికాలోని ఫాస్కోర్ అనే ఫాస్ఫేట్ కంపెనీతోనూ ఎప్పటినుంచో సంబంధం ఉంది.

గమనించండి, ఆ దేశాలకు వెళ్ళింది ప్రధానంగా ఎరువులు అమ్ముకోవడానికి కాదు, ముడిసరుకు కోసం. మన దేశంలో పొటాష్ గనులు నడవడం లేదు, వాడేదంతా దాదాపుగా దిగుమతే. మంచి రాక్ ఫాస్ఫేట్ కూడా ఎక్కువ భాగం బయటినుంచే రావాలి. పైగా మన ఎరువుల మీద కేంద్రం భారీగా సబ్సిడీ ఇస్తుంది. డీఏపీ బస్తా రైతుకు 1,350 రూపాయలకు అందుతోందంటే దాని అసలు ఖరీదు అంతే అని కాదు. సబ్సిడీ సరుకును, అదీ మన రైతుకే చాలని సరుకును, బయటి దేశానికి అమ్ముకోనివ్వరు. అందుకే మన ఎరువుల కంపెనీల విదేశీ విభాగంలో పెద్ద పని కొనుగోళ్ళు, ముడిసరుకు ఒప్పందాలు, ఉమ్మడి ప్లాంట్లు. మీ అమ్మాయికి ఈ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది. లేకపోతే ఎగుమతుల ఉద్యోగం అనుకుని ఎరువుల కంపెనీలో చేరి, తీరా చేరాక నిరాశ పడుతుంది.

ఉమ్మడి ప్లాంటు అక్కడే ఎందుకు పెడతారన్నది మీ అమ్మాయి కాగితం మీద లెక్క వేసి చూడొచ్చు. ఫాస్ఫారిక్ యాసిడ్‌లో ఒక టన్ను పి2ఓ5 (సరుకులో భాస్వరం ఎంతుందో ఈ లెక్కలోనే చెబుతారు) రావాలంటే మూడు టన్నులకు పైగా రాక్ కావాలి. రాక్ మీద సల్ఫ్యూరిక్ యాసిడ్ పోస్తే యాసిడ్‌తో పాటు దాదాపు ఐదు టన్నుల జిప్సం మిగులుతుంది. గని పక్కనే యాసిడ్ చేసుకుంటే ఓడలో వచ్చేది పనికొచ్చే సరుకు మాత్రమే, జిప్సం బాధ ఇక్కడ ఉండదు. మన కంపెనీలైన ఇఫ్కో జోర్డాన్‌లో, చంబల్, టాటా కెమికల్స్ మొరాకోలో అక్కడి కంపెనీలతో కలిసి యాసిడ్ చేయడానికి కారణం ఇదే. యూరియాకైతే సహజవాయువు కావాలి కాబట్టి ఇఫ్కో, కృభ్‌కో చెరో 25 శాతం వాటాతో ఒమన్‌లోని సుర్‌లో ప్లాంటు పెట్టాయి. గ్యాస్ అక్కడిది, యూరియా మన రైతుకి అన్నది అప్పటి ఏర్పాటు.

ఈ పనిలో ఇంజనీరుకి చోటెక్కడ అంటారా? రాక్‌లో పి2ఓ5 శాతం ఒక్కటే చూసి కొంటే కుదరదు. ఇనుము, అల్యూమినియం, మెగ్నీషియం ఎక్కువైతే యాసిడ్ చిక్కబడుతుంది, బురద పెరుగుతుంది, జిప్సాన్ని వేరుచేసే ఫిల్టరు మొరాయిస్తుంది. టన్నుకి నాలుగు డాలర్లు తక్కువని కొన్న రాక్ వల్ల ప్లాంటు ఉత్పత్తి పడిపోతే ఆ లాభం ఒక్క వారంలో ఆవిరైపోతుంది. ఫిల్టరు దగ్గర నిలబడి ఆ తిప్పలు చూసిన మనిషే కొనుగోలు టేబుల్ దగ్గర సరైన ప్రశ్న అడగగలదు. నేను ప్లాంటు అనుభవం అని అంతగా పట్టుబట్టేది ఇందుకే. ఎంబీఏ క్లాసులో ఈ సంగతి చెప్పేవాళ్ళు ఉండరు.

ఇక నిజంగా సరుకు అమ్ముకోవడానికి బయటికి వెళ్ళేవి పురుగుమందులు, స్పెషాలిటీ కెమికల్స్ (ప్రత్యేక అవసరాలకు తయారుచేసే రసాయనాలు) కంపెనీలు. మీ అమ్మాయి మనసు ఎగుమతుల మీదే ఉంటే ఈ వైపు చూడాలి. కంపెనీలు సాధారణంగా ముందు ఆ దేశంలో ఒక డిస్ట్రిబ్యూటరు ద్వారా అమ్ముతాయి. తర్వాత సొంత పేరు మీద రిజిస్ట్రేషన్, అంటే ఆ మందు అక్కడ అమ్ముకునే అనుమతి, తీసుకుని అక్కడే ఒక చిన్న కంపెనీ పెడతాయి. స్తోమత ఉంటే అక్కడి కంపెనీనే కొనేస్తాయి. 1969లో ఎర్ర భాస్వరం తయారీతో మొదలైన యూపీఎల్, 2019లో అరిస్టా లైఫ్‌సైన్స్ అనే విదేశీ పురుగుమందుల కంపెనీని 4.2 బిలియన్ డాలర్లకు కొంది. అంత డబ్బు పోసింది ఫ్యాక్టరీల కోసమే కాదు. వివిధ దేశాల్లో ఆ కంపెనీ చేతిలో ఉన్న రిజిస్ట్రేషన్లు, అక్కడి డీలర్ల సంబంధాలు కూడా ఆ ధరలో ఉన్నాయి.

రిజిస్ట్రేషన్ అంత విలువైనది ఎందుకో ఒక్క మందు తీసుకుని దగ్గరగా చూడండి. పేటెంటు అయిపోయిన ఒక శిలీంద్రనాశినిని మన కంపెనీ బ్రెజిల్‌కి పంపాలనుకుంది. మన పురుగుమందులకు పెద్ద గిరాకీ ఉన్న దేశాల్లో అదొకటి. అక్కడ వ్యవసాయ శాఖ, ఆరోగ్య సంస్థ అన్విసా, పర్యావరణ సంస్థ ఇబామా, ముగ్గురూ ఫైలు చూడాలి. మన ప్లాంటులో తయారైన ఐదు బ్యాచ్‌లను జీఎల్‌పీ (గుడ్ ల్యాబొరేటరీ ప్రాక్టీస్) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. అసలు మందు ఎంత శాతం ఉందో చెబితే సరిపోదు. కిలోకి ఒక గ్రాము, అంటే 0.1 శాతం, ఆ పైన ఉన్న ప్రతి మలినం ఏమిటో పేరుతో సహా చెప్పాలి. అక్కడ ముందే రిజిస్టరయిన సరుకుతో అది సరిపోలుతుందని చూపించాలి. ఇదంతా ఏళ్ళ తరబడి సాగే పని. ఈలోగా ఖర్చు తగ్గుతుందని ప్లాంటులో ఎవరో ఒక సాల్వెంట్ మార్చేశారనుకోండి. కొత్త మలినం పుడుతుంది. ఫైలులో రాసిన సరుకు ఒకటి, డ్రమ్ములో ఉన్న సరుకు ఇంకొకటి అవుతుంది. సరుకు ఓడ ఎక్కకముందే ఆ తేడాను పట్టుకునేవాళ్ళని రెగ్యులేటరీ అఫైర్స్ వాళ్ళు అంటారు. మీ అమ్మాయి లాంటి వాళ్ళకి నేను ముందుగా చెప్పే విభాగం ఇదే. ప్రక్రియ తెలియాలి, చట్టం చదవాలి, తప్పు లేకుండా రాయగలగాలి. ఈ మూడూ ఉన్నవాళ్ళు తక్కువమంది దొరుకుతారు కాబట్టి కంపెనీలు వాళ్ళని వదులుకోవు.

యూరప్ అయితే ఇంకా కట్టుదిట్టం. ఏడాదికి ఒక టన్ను, ఆ పైన పంపే రసాయనాల్లో చాలావాటిని రీచ్ అనే చట్టం కింద రిజిస్టరు చేయాలి. యూరప్ బయటి కంపెనీ అయితే అక్కడ తన తరఫున ఒక ప్రతినిధిని పెట్టుకోవచ్చు. 2022 జులై నుంచి ఫాస్ఫేట్ ఎరువుల్లో కాడ్మియం మీద కూడా పరిమితి వచ్చింది, కిలో పి2ఓ5కి 60 మిల్లీగ్రాములు. 2026 జనవరి నుంచి ఎరువుల దిగుమతుల మీద కార్బన్ పన్ను విధానమూ అమల్లోకి వచ్చింది. ఎరువు తయారీలో ఎంత కార్బన్ వెలువడిందో లెక్క కట్టి ఇచ్చే పని రాబోయే రోజుల్లో పెద్ద ఉద్యోగమవుతుంది. ఆ లెక్కలో సగం మీ అమ్మాయి ఇప్పుడు చదువుతున్న మెటీరియల్ బ్యాలెన్స్, ఎనర్జీ బ్యాలెన్స్ సబ్జెక్టే.

మంచి మాట ఏంటంటే, వీటన్నిటికీ ఇల్లు వదిలి ఎక్కడికో పోనక్కర్లేదు. ఎరువుల ఫ్యాక్టరీ మీ దగ్గరే ఉంది. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం, దువ్వాడ సెజ్‌లలో బయటి దేశాల ఇన్‌స్పెక్షన్లకు సిద్ధమయ్యే కంపెనీలు చాలా ఉన్నాయి. ఫార్మాలో నేర్చుకున్న డాక్యుమెంటేషన్ పురుగుమందుల కంపెనీలోనూ పనికొస్తుంది. పోర్టు పక్కన కస్టమ్స్ ఏజెంట్ల ఆఫీసులు ఉన్నాయి. అక్కడ బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడలో సరుకు ఎక్కించినట్టు ఇచ్చే రసీదు), ఎల్‌సీ (డబ్బుకు బ్యాంకు ఇచ్చే హామీ పత్రం), ప్రమాదకర సరుకు డిక్లరేషన్ కళ్ళారా చూడొచ్చు. రెండు మూడేళ్ళు పనిచేశాక క్యాట్ రాస్తే ఐఐఎం విశాఖపట్నం ఉంది, అంతర్జాతీయ వ్యాపారమే ప్రధానంగా చెప్పే ఐఐఎఫ్‌టీ ఉంది. ఐఐఎఫ్‌టీకి కాకినాడలో క్యాంపస్ కూడా వచ్చింది గానీ, అక్కడ ఇంటర్ తర్వాత చేరే ఐదేళ్ళ కోర్సు గురించి ఎక్కువగా చెబుతారు. మీ అమ్మాయికి అది సరిపడదు, ఇంట్లో చిన్నవాళ్ళు ఎవరైనా ఉంటే గుర్తుపెట్టుకోండి.

భాష సంగతి చాలామంది పట్టించుకోరు. మొరాకో, ట్యునీషియా, సెనెగల్, ఈ ఫాస్ఫేట్ దేశాలన్నింటిలో వ్యాపారం ఫ్రెంచిలో నడుస్తుంది. బ్రెజిల్‌లో పోర్చుగీసు. ముడిసరుకు వైపు వెళ్తానంటే ఫ్రెంచి, ఎగుమతుల వైపు అయితే పోర్చుగీసు ఇప్పటినుంచే రోజుకో అరగంట చదవమనండి. నాలుగేళ్ళ తర్వాత ఇంటర్వ్యూలో ఆ ఒక్క అర్హతే తనను మిగతావాళ్ళ నుంచి వేరుగా నిలబెట్టవచ్చు.

బంధువుల సాఫ్ట్‌వేర్ సలహా గురించి నా మాట ఇది. అమ్మాయికి కోడింగ్ ఇష్టమైతే అది మంచి దారే. కానీ మీ అమ్మాయి తనకేం కావాలో స్పష్టంగా చెబుతోంది. మూడేళ్ళు కష్టపడి చదివింది వదిలేసి, ఇష్టం లేని కోర్సులో వేలమందితో కలిసి మొదటినుంచీ మొదలుపెట్టమనడం నాకు సరైనదిగా అనిపించదు. ఎక్సెల్, డేటా విశ్లేషణ, కొంచెం పైథాన్ నేర్చుకోమనండి. ఈ రంగంలో కూడా అవి అవసరమే.

మీ ఆవిడ భయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర స్టైరిన్ గ్యాస్ లీకై ఎందరు చనిపోయారో విశాఖలో ఎవరూ మర్చిపోలేదు. ఇక్కడ అమ్మానాన్నలు భయపడటంలో తప్పు లేదు. ఉద్యోగం ఒప్పుకునే ముందు అమ్మాయి కంపెనీని సూటిగా అడగాలి. సేఫ్టీ శిక్షణ ఎన్ని రోజులు ఇస్తారు, హ్యాజాప్ స్టడీ (ప్లాంటులో ఎక్కడెక్కడ ప్రమాదం జరగొచ్చో ముందే చేసే పరిశీలన) ఎప్పుడు చేశారు, వర్క్ పర్మిట్ (ప్రమాదకరమైన పనికి రాతపూర్వక అనుమతి) లేకుండా ఎవరైనా పని మొదలుపెడితే ఏం చేస్తారు. సరైన జవాబు చెప్పలేని చోట జీతం ఎంత ఇచ్చినా చేరొద్దనండి. క్వాలిటీ, ఆర్ అండ్ డీ, రెగ్యులేటరీ విభాగాల్లో చాలావరకు జనరల్ షిఫ్టే ఉంటుంది. నైట్ షిఫ్టు టెన్షన్ ఉంటే ల్యాబ్ వైపు నుంచి మొదలుపెట్టినా నష్టం లేదు, కాకపోతే వారానికి ఒకసారైనా ప్లాంటులోకి వెళ్ళి ప్రక్రియ చూసే అవకాశం ఉన్న ఉద్యోగం ఎంచుకోవాలి.

ఈ సెలవుల్లో చేయాల్సిన పని ఒకటి చెబుతాను. కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసు నుంచి లెటర్ తీసుకుని ఏదైనా క్వాలిటీ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్‌కి అడగమనండి. అది దొరక్కపోతే పోర్టు దగ్గర కస్టమ్స్ ఏజెంటు ఆఫీసులో నెల రోజులు కూర్చోమనండి. అమ్మోనియా, సల్ఫ్యూరిక్ యాసిడ్, అమ్మోనియం నైట్రేట్, ఈ మూడింటి సేఫ్టీ డేటా షీట్లూ (ప్రమాదాలు, జాగ్రత్తలు రాసి ఉండే పత్రాలు) నెట్‌లో దొరుకుతాయి. ఒక్కోదానిలో 16 భాగాలుంటాయి. మూడూ పక్కపక్కన పెట్టుకుని చదివి, ఒక్కో సరుకును ఏ ఓడలో, ఏ జాగ్రత్తలతో, ఏ కాగితాలతో తేవాలో రెండు పేజీల్లో సొంత మాటల్లో రాయాలి. రాశాక నాకు పంపమనండి, చదివి ఎక్కడ ఏం దిద్దుకోవాలో చెబుతాను.