తప్పు జవాబు రాసి జావా నేర్చుకున్నాను

"కోచింగ్‌కి డబ్బుల్లేవు, ఆన్‌లైన్‌లో వేరేవాళ్ళ డౌట్లకు జవాబులు రాస్తూ ప్రోగ్రామింగ్ నేర్చుకోవచ్చా?" అని కదా మీ ప్రశ్న. నేర్చుకోవచ్చు. నాకు అట్లే వచ్చింది. అమీర్‌పేటలో మూడు నెలలు కూర్చున్నవాళ్ళ కన్నా బాగానే వచ్చిందని నా నమ్మకం, కాదనేవాళ్ళు ఉంటే ఉండనీ.

2014లో నేను బీటెక్ మూడో సంవత్సరం. తిరుపతి బైరాగిపట్టెడలో ముగ్గురం ఒక రూమ్‌లో ఉండేవాళ్ళం. మాకు జావా అనే ప్రోగ్రామింగ్ భాష ల్యాబ్ అంటే సీనియర్ల రికార్డు చూసి కొత్త రికార్డులోకి ఎక్కించడమే. ప్రోగ్రామ్ రన్ అయిందా అని ఎవరూ అడగరు, మార్జిన్ గీశావా అని అడుగుతారు. అవుట్‌పుట్ కూడా పెన్నుతోనే రాసేవాళ్ళం!

ఒక రాత్రి మెస్ నుంచి తెచ్చిన సంగటిలో అమ్మ పంపిన ఊరిబిండి నంజుకుంటూ ఆన్‌లైన్‌లో జావా మీద ఒక ప్రశ్న చూశాను. రెండు ఇంటీజర్ వేరియబుల్స్‌లో 100 పెట్టి, రెండూ ఒకటేనా అని చూసే డబుల్ ఈక్వల్స్ (==) గుర్తుతో పోలిస్తే ట్రూ వస్తోంది, 200 పెడితే ఫాల్స్ వస్తోంది, ఎందుకు అని ఎవరో అడిగారు. ఇంకేముంది, బైట్ అనే చిన్న నంబర్ టైప్‌లో పట్టేది మైనస్ 128 నుంచి 127 దాకానే, 200 పట్టక ఓవర్‌ఫ్లో అయిందని పది లైన్లు దంచేశాను. మా పుంగనూరు రూమ్‌మేట్ వెనక నుంచి చూసి "అందులో బైట్ యాడుంది రా?" అన్నాడు. నోరు మూసుకుని తినమన్నాను.

పొద్దున లేచి చూస్తే నా జవాబుకి రెండు మైనస్ ఓట్లు. కింద ఎవరో ఒక కామెంట్ పెట్టారు: బైట్‌కీ దీనికీ సంబంధం లేదు, ఇంటీజర్ క్లాస్ సోర్స్ కోడ్‌లో వాల్యూఆఫ్ అనే మెథడ్ చదువు అని. సిగ్గేసింది. క్లాస్ ఎగ్గొట్టి అదే చదివాను. ఇంటీజర్ అంటే ఆబ్జెక్ట్, అంటే అంకెను లోపల పెట్టుకున్న డబ్బా లాంటిది; ఉత్త అంకె మాత్రమే ఉండే మామూలు ఇంట్ కాదు. డబుల్ ఈక్వల్స్ చూసేది లోపలి విలువను కాదు, రెండూ ఒకే ఆబ్జెక్టా అని. మైనస్ 128 నుంచి 127 దాకా ఆబ్జెక్టులను జావా ముందే చేసి పెట్టుకుంటుంది, ఎన్నిసార్లు అడిగినా అవే ఇస్తుంది. 200కి మామూలుగా ప్రతిసారీ కొత్తది చేస్తుంది. విలువలు పోల్చాలంటే ఈక్వల్స్ మెథడ్ వాడాలి. నేను రాసినదాంట్లో అంకెలు మాత్రం కరెక్టే, చూశారా, ఆ ధీమా అందుకే వచ్చింది.

అప్పటి నుంచి కోడ్ నేనే టైప్ చేసి రన్ చేయనిదే జవాబు రాయను. పూర్తిగా తెలిసిన ప్రశ్నల జోలికి పోను, సగం తెలిసినవే పట్టుకుంటాను.

ఓపిక మాత్రం చాలా కావాలి. స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి, అదీ అడ్డంగా, "అర్జెంట్ సార్, అసైన్‌మెంట్ రేపే" అని పెట్టేవాళ్ళు ఒకరకం. జవాబు అందగానే ప్రశ్న డిలీట్ చేసేవాళ్ళు ఇంకోరకం. ఇప్పుడు ఏఐ ఇచ్చింది చదవకుండా అతికించేవాళ్ళు తయారయ్యారు. 2022 డిసెంబర్‌లో స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల ప్రశ్న-జవాబుల సైట్ చాట్‌జీపీటీ జవాబులు వద్దన్నప్పుడు మా ఆఫీసులో అందరూ తిట్టారు, నాకు మాత్రం భలే సంతోషమైంది. మా ల్యాబ్ రికార్డుకీ ఆ అతికించే జవాబులకీ తేడా ఏముంది?

అన్నట్టు, ఆ 200 గురించి అడిగినాయన రాత్రే నా తప్పు జవాబు కింద "థాంక్యూ బ్రో, క్లియర్" అని రాసి వెళ్ళిపోయాడు. దిద్ది, మళ్ళీ చూడమని రెండుసార్లు పిలిచాను. ఇంతవరకూ రాలేదు.