బుజ్జికి, రెండో కీమో తర్వాత

బుజ్జీ,

"పెద్దమ్మా, పది గంటలు పడుకున్నా లేవబుద్ధి కావట్లేదు, మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది" అన్నావు నిన్న. బద్ధకమని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపు. నా నాలుగో కీమో అప్పుడు పాలకి తోడు వేశానో లేదో గుర్తురాక మళ్లీ వేశాను. పొద్దున్నకి ఆ పెరుగు నోట పెట్టలేనంత పులుపు. మీ పెదనాన్న ఒక్క మాట అనకుండా మజ్జిగ పులుసు పెట్టేశారు.

ఈ నీరసంలో, మతిమరుపులో పేగులకీ వాటా ఉండొచ్చట. కీమో మందు గబగబా పెరిగే కణాల మీద పడుతుంది, జుట్టు రాలేది అందుకే. పేగు లోపలి పొర కూడా అలాంటిదే, నాలుగైదు రోజులకోసారి కొత్తదవుతుంది. అది దెబ్బతిని, అక్కడ కాపురమున్న బాక్టీరియా చెల్లాచెదురైతే, వాపు పుట్టించే రసాయనాలు రక్తంలో పెరుగుతాయి, వాటి సంగతి మెదడుకీ తెలుస్తుంది. జ్వరంలో ఒళ్లు బరువెక్కి బుర్ర పనిచేయదు చూడు, ఇంచుమించు అదే. ఎలుకల్లో ఈ లంకె కనిపించింది. మనుషుల్లో ఇదే కారణమని ఇంకా తేలలేదు. కాబట్టి వాట్సాప్ వైద్యాల జోలికి పోకు.

ముఖ్యంగా ప్రోబయోటిక్ పొడులు, అంటే బతికున్న మంచి బాక్టీరియా కలిపి అమ్మేవి. ఎవరో చెప్పారని కొని నాలుగు రోజులు తాగాను. తెలిశాక డాక్టరమ్మ గట్టిగా కోప్పడ్డారు. తెల్లకణాలు పడిపోయినప్పుడు మంచి బాక్టీరియా అయినా రక్తంలోకి దూరితే ప్రమాదమే. 2021లో అమెరికాలో హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు, ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే వైద్యం) తీసుకునే మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) రోగుల వివరాలు బయటపెట్టారు. రోజుకి 20 గ్రాములకు తగ్గకుండా పీచు తిన్నవాళ్లలో జబ్బు ముదరకుండా ఎక్కువకాలం ఆగింది, వాళ్లలోనూ ప్రోబయోటిక్స్ వాడనివాళ్లే మెరుగ్గా ఉన్నారు. నీ జబ్బు వేరు, మందు వేరు, నీరసానికీ దానికీ సంబంధం లేదు. అయినా డబ్బా కంటే కంచాన్ని నమ్మడం మంచిదని నాకనిపించింది.

ఉడికించిన శనగలు కప్పుడు తింటే 12 గ్రాముల పీచు. కానీ విరేచనాలవుతుంటే శనగల పేరెత్తకు, మెత్తటన్నం, పల్చటి చారు చాలు. కడుపు కుదుటపడ్డాక బీరకాయ పప్పు, తోటకూర, ఆ తర్వాత శనగలు, కొంచెం కొంచెంగా పెంచు. కౌంట్స్, అంటే తెల్లకణాల లెక్క, తగ్గిన రోజుల్లో చద్దన్నం, కడగని పళ్లు, బయటి తిండి వద్దు.

అన్నిటికంటే ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 చూడమని అడుగు. నాకు సగం నీరసం రక్తం తక్కువై వచ్చిందే, నేనేమో నెలరోజులు పేగుల్ని తిట్టుకున్నాను! సాయంత్రం పది నిమిషాలు వరండాలోనైనా నడు. పడుకుంటే తగ్గని నీరసం నడిస్తే కొంత తగ్గుతుంది, వింతగా ఉంటుంది గానీ నిజం. జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రైనా ఆసుపత్రికి ఫోన్ చెయ్యి, పారాసిటమాల్ వేసుకుని పడుకోకు.

ఇంటి పెరుగు తినొచ్చో లేదో డాక్టర్ని అడిగి చెప్పు. సరే అంటే శనివారం వచ్చి తోడు నేనే పెడతాను.

మీ పెద్దమ్మ